గంజి పెట్టని గౌను

“పిల్లకు మెత్తటి బట్ట తొడగండి” అని డాక్టరు ఒక్క మాట అన్నాడు. ఆ మాటను పట్టుకుని మేము ఏడాదికి పైగా పడిన అవస్థ ఇప్పుడు తలుచుకున్నా నాకు విసుగే వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. సిద్దిపేటలో ఒక పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నేను, నా భార్య, నన్ను కన్న మా అవ్వ, మూడు నిండిన మా అమ్మాయి. హైదరాబాదులోని ఒక దినపత్రికకు మా ప్రాంతపు వార్తలు రాసి పంపడం నా పని. అందుకని బజారులో అందరూ నన్ను అఖ్బారు సారు అని పిలిచేవాళ్ళు.

మా అమ్మాయికి ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచే చర్మం మంచిది కాదు. మొదట బుగ్గల మీద ఎర్రగా పొక్కింది. నడక వచ్చాక అది మోచేతుల మడతల్లోకి, మోకాళ్ళ వెనక్కి, మెడ చుట్టూ పాకింది. ఎండి, పగిలి, నీరు కారేది. దురదకు తట్టుకోలేక గోకేది, గోకితే రక్తం వచ్చేది. వాడలో అందరూ దానికి గజ్జి అని పేరు పెట్టారు. మా పిల్ల ఆడుకోవడానికి వీధిలోకి వస్తే చాలు, ఆడవాళ్ళు తమ పిల్లలను లోపలికి పిలుచుకునేవాళ్ళు. ఎవరూ పొమ్మని అనేవాళ్ళు కాదు. “అన్నం తిందువు దా” అని పిలిచేవాళ్ళు. ఆ వాడలో పిల్లలు పూటకు అన్నిసార్లు అన్నం తినే కాలం కాదది.

సర్కారు దవాఖానలో డాక్టరు పిల్ల మెడను, చేతులను నిదానంగా చూశాడు. ఉర్దూ ఇంటి మాట అయినా ఆయన తెలుగు చక్కగానే మాట్లాడేవాడు.

“గజ్జి అని ఎవరన్నరు? ఇది ఛాజన్. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. కొందరి తోలు పుట్టుకతోనే అట్లుంటది. మలాము ఇస్త, పూయండి. గోళ్ళు తీయండి. మెత్తటి బట్ట తొడగండి. అంతే.”

“మెత్తటిదంటే ఏ బట్ట?” అని అడిగాను.

“సిద్దిపేటల ఉండి నన్నడుగుతున్నరా సారూ? మగ్గాలు మీ దగ్గరున్నయి. నా దగ్గర సూదులే ఉన్నయి” అని ఇంకో రోగిని పిలిచాడు.

మలాము కొంత పని చేసింది. గోళ్ళు తీశాం. అయినా నిద్రలో గోకడం ఆగలేదు. నా భార్య నా పాత ధోవతి చింపి రెండు చిన్న సంచులు కుట్టింది. పడుకునే ముందు వాటిని పిల్ల చేతులకు తొడిగి, మణికట్టు దగ్గర నాడాతో కట్టేది. మొదట్లో పిల్ల ఏడ్చేది. తర్వాత అలవాటైపోయి, దీపం పెట్టే వేళకు తనే వచ్చి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడేది. దొంగను పట్టుకుని బేడీలు వేసేటప్పుడు కూడా అంత బుద్ధిగా నిలబడటం నేను చూడలేదు.

“ఈ సంచులు తీసి పారేసే రోజు రావాలె. నాకు ఇంకేం వద్దు” అనేది నా భార్య. ఇంట్లో మేమంతా ఏడాది పొడుగునా పడిన తగవులన్నీ ఆ సంచుల చుట్టూ తిరిగినవే.

వార్త రాసేటప్పుడు ఏ మాటనైనా ఇద్దరి దగ్గర రూఢి చేసుకోనిదే పంపకూడదని నాకు పత్రికవాళ్ళు నేర్పారు. మెత్తటి బట్ట ఏదన్న విషయంలో మాత్రం ఒకే మాట చెప్పిన ఇద్దరు మనుషులు నాకు సిద్దిపేటలో దొరకలేదు. ఇంటింటా మగ్గం ఆడే ఊరు అది. బట్ట గురించి తనకు తెలియదని ఒప్పుకునే మనిషి అక్కడ పుట్టడు.

అందరికంటే ముందు మా బావమరిది పూనుకున్నాడు. అతను హైదరాబాదులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. నెలకో రెండు నెలలకో అక్కను చూడటానికి వచ్చేవాడు. బట్ట మాట వస్తే అతని ముందు ఇంకెవరూ నోరు తెరవడానికి లేదు.

“పట్టు కన్న మెత్తటిది భూమ్మీద లేదు బావా. పురుగు తన నోట్ల నుంచి తీసిందాయె. ఇంక దానికి గరుకెక్కడిది?”

అవ్వకు ఆ మాట నచ్చింది. “పట్టు మడి బట్ట. ఏదన్న దోషమున్నా గూడ పోతది” అంది.

నా భార్య పెళ్ళినాటి పట్టు పావడ ఒకటి పెట్టెలో ఉండేది. దాన్ని దర్జీకి ఇచ్చి గౌను కుట్టించాం. జరీ అంచు వృథాగా పోవడం అవ్వకు ఇష్టం లేదు. దగ్గర కూర్చుని ఆ అంచును మెడ చుట్టూ వేయించింది. ఎండాకాలం. పుండ్లున్న మెడ చుట్టూ జరీ. పిల్ల దాన్ని తొడుక్కుని వాకిట్లో ఒక చుట్టు తిరిగిందో లేదో, తలుపు చాటుకు వెళ్ళి తనే విప్పేసుకుంది.

“దీనికి పట్టు పడదు” అని తీర్పు చెప్పింది అవ్వ. ఆ గౌను మా చుట్టాల పిల్లకు వెళ్ళిపోయింది.

చలికాలం ముందు బావమరిది ఫ్లానెల్ తెచ్చాడు. దొరల పిల్లలకు పుట్టినప్పటి నుంచి అదే తొడుగుతారట. దొరల పిల్లలు ఏ దేశపు చలిలో పుడతారో, మా పెంకుటింట్లో మధ్యాహ్నం ఎంత ఉడుకు ఉంటుందో అతనికి పట్టలేదు. చేత్తో తాకితే పిల్లి వీపులా ఉన్న మాట నిజమే. లోపల పిల్లకు చెమట పట్టి, ఆ చెమటకు దురద పుట్టి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఆ ఫ్లానెల్ కూడా ఎవరికో వెళ్ళింది.

మూడోసారి మల్లు బట్ట తెచ్చాడు. “ఇది చూడు బావా. ఉంగరంల నుంచి దూరుతది.”

మిల్లు నుంచి వచ్చిన కొత్త మల్లు. గంజితో కాగితంలా పెళపెళలాడుతోంది. అవ్వ దాని కొసను రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

“ఏ ఉంగరంల దూరుతది నాయినా, ఏనుగు కాలుకు పెట్టే ఉంగరంలనా?”

“ఉతికితే మెత్తగైతది అత్తా.”

“కొత్త బట్ట ఉతికి తొడుగుతరా ఎవలన్న? మీ పట్నంల తొడుగుతరేమో.”

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంటిదే కాదు, మా వైపు చాలా ఇళ్ళలో అంతే. కొత్త బట్టకు మూలన పసుపు పెట్టి, దేవుడి ముందు ఉంచి, అలాగే ఒంటికి తొడగాలి. అది ముందు ఒంటిని తాకాలి, ఆ తర్వాతే నీళ్ళను తాకాలి. తొడగకముందే తడిపితే అది కొత్త బట్టే కాదని అవ్వ నమ్మకం. “తడిపిన కొత్త బట్ట కర్మల కాడ కడ్తరు. పిల్లలకు కట్టరు” అనేది. ఆ మాట విన్నాక తడపమని అడగడానికి ఎవరికి నోరు వస్తుంది?

అందుకని మల్లు గౌను కూడా పసుపు బొట్టుతో, మిల్లు గంజితో, పెళపెళలాడుతూనే పిల్ల ఒంటి మీదికి ఎక్కింది. చంకల కింద కత్తిలా కోసింది. సాయంత్రానికి దాన్ని విప్పి పక్కింటి అమ్మాయికి ఇచ్చేశాం. ఆ అమ్మాయి మా పిల్ల ఈడుదే. వాళ్ళమ్మ మా పిల్లతో ఆడనివ్వదు గాని, మా పిల్ల గౌను తీసుకోవడానికి ఆమెకు అభ్యంతరం కనబడలేదు.

ఇక లాభం లేదని నేను నేతవాళ్ళ వాడకు వెళ్ళాను. నాకు బాగా తెలిసిన పెద్ద నేతకారుడు ఒకాయన ఉండేవాడు. యుద్ధంలో నూలు దొరక్క వాడలో సగం మగ్గాలు పడుకున్నాయి. ఆ సంగతి మీద నేను వార్త రాశానని ఆయనకు నా మీద అభిమానం. వీధి పొడుగునా పడుగు సాగదీసి, పెద్ద కుంచెతో గంజి పట్టిస్తున్నాడు. విషయమంతా చెప్పాను.

“మీ బిడ్డకు నేను నేస్త సారూ. మా బిడ్డ కోసం దాచిన సన్న నూలున్నది. పట్నపు బట్టలకు ఏం తెలుసు పసిపిల్లల ఒళ్ళు?”

ఆ మాటకు నా మనసు కరిగింది. ఆ కాలంలో సన్న నూలు దాచుకోవడమంటే మాటలు కాదు. కొన్నాళ్ళకు ఆయన గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని స్వయంగా మా ఇంటికి వచ్చాడు. నేల మీద నిలబెట్టి చూపించాడు. ఆ గుడ్డ నిజంగానే నిలబడింది.

“చూసిండ్రా? మీ పిల్ల కోసమని గంజి దండిగ పట్టిచ్చిన. అందరికి పెట్టినట్టు పెట్టలే.”

“గంజి కొంచెం తక్కువైతే బాగుండేదేమో” అన్నాను మెల్లగా.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “గంజి లేని బట్ట బట్టెట్లయితది సారూ? బొక్కలు లేని మనిషి తీరు కూలవడ్తది. మీరు రాసేటోళ్ళు, మీకు తెల్వదు.”

అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, “మాటంటే గట్ల చెప్పాలె” అని మెచ్చుకుంది. ఆ గుడ్డ గౌనై, పసుపు పెట్టించుకుని, పిల్ల మీదికి ఎక్కింది. ఆ తర్వాత జరిగింది మళ్ళీ రాయడానికి నాకు ఓపిక లేదు. నేతకారుడికి చెప్పడానికి మాత్రం మా ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. చాలా రోజులు నేను ఆ వాడ తప్పించి చుట్టూ తిరిగి బజారుకు వెళ్ళాను.

ఇక పాత బట్టలుంటాయి కదా అనవచ్చు. ఇంట్లో పిల్ల వేసుకునేవి పాతవే. అయితే వారానికోసారి అవి చాకలామె మూటలో చెరువుకు వెళ్ళేవి. వెళ్ళేటప్పుడు మా వంటింట్లో వార్చిన అన్నం గంజి ఒక కుండ నిండా ఆమెకు ఇచ్చేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి నా అంగీల నుంచి పిల్ల లోపలి గుడ్డల దాకా అన్నీ ఒకే తీరుగా బిర్రబిగుసుకుని వచ్చేవి. గంజి పెట్టిన బట్ట కట్టడం మర్యాద. అన్నం వండుకునే ఇల్లని బట్టలను చూసే చెప్పవచ్చునని అవ్వ అనేది.

ఆ ఏడు వరి సరిగ్గా పండలేదు. పండినదాంట్లో సర్కారుకు లెవీ కింద పోగా మిగిలింది బజారులో కనబడేది కాదు. మా ఇంట్లో ఒక పూట అన్నం, ఒక పూట జొన్న గటక అయింది. వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని సాయంత్రం తాగడం మొదలుపెట్టాం. బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన చాకలామె ఖాళీ కుండ పట్టుకుని వాకిట్లో నిలబడింది.

“పెద్దమ్మా, గంజేది?”

“తాగినం” అంది అవ్వ.

“బట్టలకో?”

“బట్టలకు ఆకలైతదా?”

ఆ వారం నుంచి బట్టలు మెత్తగా వాలిపోయి వచ్చాయి. అవ్వకు అది తలవంపులుగా ఉండేది. నేను బయటికి బయలుదేరితే గుమ్మంలో ఆపి, “గీ అంగీ ఏసుకోని కచేరికి పోతవా కొడుకా? ఆవు నమిలి ఇడిసినట్టున్నది” అని నిట్టూర్చేది.

పిల్ల మెడ మాత్రం నెమ్మదించసాగింది. మోచేతుల మడతల్లో నీరు కారడం ఆగింది. కొన్ని రాత్రులు సంచులు కట్టకుండానే పడుకుంది. మాకు అందరికీ సంతోషమే గాని, ఆ సంతోషం కూడా తగవులోకే దిగింది. కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నానని, అందుకే తగ్గిందని అవ్వ. తాను తెచ్చిన ఫ్లానెల్ గుణం ఒంట్లో నిలిచి ఇప్పుడు పని చేస్తున్నదని బావమరిది. డాక్టరు మలామేనని నేను. నా భార్య మాత్రం ఏమీ అనలేదు. ఆమె అనలేదంటే ఇంకా చూస్తున్నదని అర్థం.

అంతలో మా అత్తగారు, మామగారు చూడటానికి వస్తున్నామని కబురు పంపారు. అవ్వ గాబరా పడిపోయింది. వియ్యపురాలి ముందు వాలిపోయిన బట్టలతో ఎలా తిరగడం? అన్నం వండిన ఇంటి నుంచి ఒక ముంతెడు గంజి అడిగి తెచ్చింది. నా అంగీకి పెట్టింది, తన చీరకు పెట్టింది. చివరకు మిగిలిన చిక్కటి గంజిలో పిల్ల గౌను ముంచి తీసింది. మా అత్తగారు వచ్చేసరికి పిల్ల గౌను గొడుగులా విప్పుకుని ఉంది.

“మంచిగ పెంచుతున్నవు వదినా” అంది మా అత్తగారు.

వాళ్ళు ఊరు దాటకముందే పిల్ల మెడ ఎర్రబడింది. దీపం వేళకు వచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది. నా భార్య సంచులు తెచ్చి కట్టింది.

మర్నాడు వీధి అరుగు మీద నుంచి నన్ను పిలిచింది. ఎదురుగా పక్కింటి అమ్మాయి మట్టిలో ఆడుకుంటోంది. ఒంటి మీద మేము ఇచ్చిన మల్లు గౌనే. రంగు వెలిసింది గాని, గాలికి పూరేకులా కదులుతోంది.

“ఆ గౌను గుర్తు పట్టిండ్రా?”

“మనదే.”

“ఉంగరంల దూరదన్నది గదా మీ అవ్వ. ఇప్పుడు సూది బెజ్జంల గూడ దూరుతది. ఆమెను పిలిచి తాకి చూసిన. వెన్న తీరున్నది. అదే బట్ట. మన పిల్లను కోసింది, ఆ పిల్లను కొయ్యలే. బట్ట మారిందా? గంజి పోయింది, అంతే.”

ఆమె లెక్క అంతటితో ఆగలేదు. బియ్యం కరువైన నాటి నుంచి పిల్లకు తగ్గడం, అమ్మమ్మ వచ్చిననాడే మళ్ళీ రావడం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పింది. పట్టుకు జరీ పెట్టామని, మల్లుకు గంజి ఉన్నదని, మగ్గం గుడ్డకు ఇంకా ఎక్కువ ఉన్నదని అంది. చెమట పట్టించిన ఫ్లానెల్ తప్ప, మేము తెచ్చిన ఏ బట్టనూ దాని సహజమైన మెత్తదనంతో ఒక్కనాడూ పిల్లకు తొడగలేదు. కొత్తగా ఉన్నప్పుడు మిల్లు గంజి, పాతబడ్డాక చాకలి గంజి.

మాట చాలా సూటిగా ఉంది. నేను దాన్ని అవ్వకు చెప్పడమే తప్పయింది.

“గంజి తాగితే పసిపిల్లలు బతుకుతరు. గంజితోని పుండైతదట. ఇన్నవా కోడలా నీ మొగడి మాట?”

“నేనే చెప్పిన అత్తమ్మా.”

“నువ్వా? నీ పెండ్లినాడు నీ చీరె గంజికి నువ్వు కూసుంటే అది కూసోలే, నువ్వు లేస్తే అది లేవలే. నీకేమన్న అయిందా?”

“నా తోలు మంచిది. దాని తోలు మంచిది కాదు.”

“మా ఇంట్ల ఎవలికి లేదు గీ రోగం. మీ ఇంటి దిక్కెళ్ళి వచ్చింది.”

అక్కడి నుంచి మాట గంజిని వదిలి రెండు వంశాల తోళ్ళ మీదికి పోయింది. నేను వార్త రాసుకోవాలని చెప్పి లోపలికి వెళ్ళాను. వార్త ఏమీ లేదు.

వియ్యపురాలి మెప్పు విన్నాక అవ్వ వారం వారం ఎక్కడో ముంతెడు గంజి అడిగి తెచ్చి చాకలామెకు ఇవ్వసాగింది. అప్పుడు నా భార్య ఒక పని చేసింది. చాకలామె తెచ్చిన మూటలోంచి పిల్ల బట్టలు వేరుగా తీసి, వాకిట్లో మంచినీళ్ళతో మళ్ళీ జాడించి ఆరేసేది. ఉతికిన బట్టలను మళ్ళీ ఉతకడం చూసి వాడవాళ్ళు నవ్వారు. చాకలామె తన పనికి పేరు పెట్టారని అలిగింది. అవ్వ అటు తిరిగి కూర్చునేది. పిల్ల మెడ మళ్ళీ నెమ్మదించింది. సంచులు ఒక వారం కట్టి, ఒక వారం కట్టకుండా నడిచింది.

అసలు చిక్కు మొక్కు దగ్గర వచ్చింది. పిల్ల పుట్టువెంట్రుకలు కొమురెల్లిలో తీయిస్తానని అవ్వ ఎప్పుడో మొక్కుకుంది. ఒంటి మీద పుండ్లుండగా వద్దని వాయిదా వేస్తూ వచ్చాం. ఇప్పుడు తగ్గింది కాబట్టి ఐదో ఏడు దాటకముందే వెళ్ళాలంది. గుండు చేయించి, స్నానం చేయించి, దేవుడి ముందు కొత్త బట్ట తొడగాలి. కంట్రోల్ దుకాణంలో మనిషికి ఇంత అని ముక్క కొలిచి ఇచ్చే రోజులు. వరుసలో నిలబడి ఏది దొరికితే అది తెచ్చాను. గోనెసంచికి తమ్ముడిలా ఉంది. దాని నిండా గంజే.

“ఇది తడపకుండ తొడిగితే కొండ దిగకముందే రక్తం కారుతది. గుండు గూడ గోక్కుంటది” అంది నా భార్య.

“దేవుని ముందట తడిపిన బట్టనా? మొక్కు చెల్లదు” అంది అవ్వ.

“మొక్కు పిల్ల కోసమా, పిల్ల మొక్కు కోసమా?”

ఇద్దరి మధ్యా నేను రెండు రోజులు ఇంట్లో అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. ఏమన్నా ఒకరికి కోపం, ఏమీ అనకపోతే ఇద్దరికీ కోపం. నా భార్య చాటుగా తడిపేద్దామా అని నన్ను అడిగింది కూడా. ఆ మాట అవ్వ విన్నదో లేదో నాకు తెలియదు.

సాయంత్రం పిల్ల ఎప్పటిలాగే అవ్వ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకోవడం లోపలికి వినిపించింది.

“బాపమ్మా, దేవుని కాడికి సంచులు తీసుకపోవాల్నా?”

“ఎందుకు బిడ్డా?”

“కొత్త బట్ట తొడుగుతవు గదా. రాత్రి కడ్తరు గదా.”

అవ్వ లేచి పసుపు డబ్బా మూత తీసిన చప్పుడైంది.

పొద్దున నేను లేచేసరికి వాకిట్లో పెద్ద గంగాళం ఉంది. దాని నిండా పసుపు నీళ్ళు. అందులో కంట్రోల్ బట్టతో కుట్టించిన కొత్త గౌను మునిగి ఉంది. అవ్వ ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని పిసుకుతోంది. నీళ్ళ మీద గంజి తెల్లగా తేలుతోంది. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ ఇంత పసుపు చల్లి, మళ్ళీ పిసికింది.

“ఏం చేస్తున్నవ్ అవ్వా?” అన్నాను.

“కనవడ్తలేదా? బండారి పెడుతున్న.”

బండారి అంటే మల్లన్నకు ఎక్కే పసుపు. ఆయన గుడిలో భక్తులు చల్లేది, నుదుట పెట్టేది అదే.

“బండారి మూలకు కదా పెట్టేది?”

“మూలకు పెట్టేది మామూలు పసుపు. ఇది మల్లన్నది. బట్టంత పట్టాలె.”

“ఉతుకుతున్నట్టుంది.”

“ఉతుకుడంటే బండ మీద కొట్టుడు. నేను కొడుతున్ననా? నీ కండ్లు అఖ్బార్ల పెట్టుకోని నాకు చెప్పకు.”

నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. నవ్వలేదు. ఇంకో బిందె నీళ్ళు తెచ్చి గంగాళం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అత్తాకోడళ్ళు ఆ విషయం మీద మాట్లాడుకోవడం అంతటితో ముగిసింది.

ఎడ్ల బండిలో కొమురెల్లి వెళ్ళాం. గుండు చేయించుకున్న పిల్లలందరూ కొత్త బట్టల్లో అట్ట బొమ్మల్లా నిలబడ్డారు. మా అమ్మాయి పసుపు ముద్దలా ఉన్న నలిగిన గౌనులో వాళ్ళ మధ్య పరుగెత్తింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అవ్వ చెప్పింది, “కడుగలే తల్లీ, బండారి పెట్టినం” అని. తిరిగి వచ్చేటప్పుడు బండిలో పిల్ల నా భార్య ఒళ్ళో పడుకుంది. రెండు చేతులూ విప్పుకుని, వేళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎక్కడా గోకిన గీత లేదు. నా భార్య ఆ వేళ్ళను ఊరు వచ్చేదాకా చూస్తూనే ఉంది.

ఇక్కడితో నా విసుగు తీరిందని అనుకుంటే పొరపాటు. వారం తిరగకముందే వాడ వాడంతా మా పిల్లకు బండారితో నయమైందని చెప్పుకుంది. చర్మం బాగాలేని పిల్లలున్న తల్లులు వచ్చి అవ్వను అడిగి వెళ్ళేవాళ్ళు. ఇంటికి వెళ్ళి బిర్రబిగిసిన గౌను మూలన చిటికెడు బండారి పెట్టి తొడిగేవాళ్ళు. పని చేయలేదని మళ్ళీ వచ్చేవాళ్ళు. “గంజి తీసెయ్యండమ్మా, మంచినీళ్ళతో బాగా జాడించి తొడగండి” అని నేను అరుగు మీద నుంచి ఎంత చెప్పినా, అఖ్బారు సారుకు దేవుడంటే నమ్మకం లేదని వెళ్ళిపోయేవాళ్ళు. నేతకారుడైతే ఒకరోజు బజారులో నన్ను పట్టుకుని, “నేను నేసిన బట్ట మంచిగ పనికొచ్చిందట గదా” అన్నాడు. అవునన్నాను. అంతకంటే చేసేది లేకపోయింది.

ఆ జబ్బు పూర్తిగా పోయేది కాదని డాక్టరు ముందే చెప్పాడు. పోలేదు కూడా. చలి మొదలైనప్పుడు, ఎండలు ముదిరినప్పుడు కొంచెం కనబడి పోయేది. సంచుల అవసరం మాత్రం మళ్ళీ రాలేదు. నా భార్య వాటిని పొయ్యిలో వేసింది.

యుద్ధం అయిపోయింది. కొన్నాళ్ళకు బియ్యం మళ్ళీ ఇంటికి వచ్చాయి. వార్చిన గంజి మళ్ళీ కుండకెత్తాం. చాకలామె సంతోషంగా వచ్చి నిలబడింది. అవ్వ నా అంగీలకు, తన చీరలకు గంజి కొలిచి ఇచ్చింది. పిల్ల బట్టలు మాత్రం వేరే మూటగా కట్టి ఆమె చేతిలో పెట్టింది.

“వీటికి పెట్టకు.”

“ఎందుకు పెద్దమ్మా? ఇప్పుడు గంజి బాగున్నది గదా.”

వంటింట్లో బియ్యం బస్తా గుమ్మంలోంచే కనబడుతోంది. అవ్వ దానికి అడ్డంగా జరిగి నిలబడింది.

“యాడున్నది? కరువాయె” అంది.